ఒక్క బిందెతో మొదటి ఎలక్ట్రానిక్ పీస్: యూనివర్సిటీ కంపోజిషన్ కోర్సుకి పోర్ట్‌ఫోలియో ఎలా తయారు చేసుకోవాలి

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద బీట్లు చేసుకుంటూ, షార్ట్ ఫిల్మ్‌లకి బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చుకుంటూ ఉన్న మనవాళ్లు చాలామంది ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, బయట దేశాల్లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కంపోజిషన్ అని మాస్టర్స్ ఉంటుందట కదా, దానికి ఏం పంపాలి, నా దగ్గరున్న ట్రాక్‌లు సరిపోతాయా అని. సూటిగా చెప్పాలంటే చాలావరకు సరిపోవు. అవి బాగోలేక కాదు, అక్కడ కూర్చుని వినే ప్రొఫెసర్లు వెతికేది వేరే కాబట్టి. మీరు ఎన్ని ప్లగిన్లు కొన్నారు, మిక్స్ ఎంత లౌడ్‌గా ఉంది అని వాళ్లు చూడరు, ఒక శబ్దం దగ్గర ఎంతసేపు కూర్చోగలరు, దాన్నుంచి ఏం బయటికి తీయగలరు అని చూస్తారు. అందుకే ఈ గైడ్ మొత్తం ఒక్క వస్తువు పట్టుకుని నడుస్తుంది, అది ఇత్తడి బిందె. స్టీల్‌ది ఉన్నా పర్లేదు, ఇత్తడిదైతే ఇంకా బాగుంటుంది. బిందె, కుళాయి, ఒక రికార్డర్, ఒక ల్యాప్‌టాప్ ఉంటే నాలుగైదు నిమిషాల పీస్ వచ్చేస్తుంది, నిజాయితీగా చేస్తే అది ఏ యూనివర్సిటీకైనా పంపుకునేలా ఉంటుంది.

ముందు ఇది ఏ కోర్సో తెలుసుకోండి

ఇది సౌండ్ ఇంజనీరింగ్ కాదు, సినిమా మ్యూజిక్ కోర్సు కూడా కాదు. 1948లో పారిస్‌లో, ఫ్రెంచ్ రేడియోలో పనిచేసే పియేర్ షేఫర్ అనే ఇంజనీర్ బాటిన్యోల్ స్టేషన్‌కి వెళ్లి రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చాడు, వాటినే కోసి, తిరగేసి, మళ్లీ మళ్లీ వాయించి పీస్ కట్టాడు. ఆ ఏడాది అక్టోబర్ 5న రేడియోలో వేశారు. అప్పటికి ఆయన దగ్గర టేపు కూడా లేదు, అంతా గ్రామఫోన్ డిస్కుల మీదే చేశాడు. వాయిద్యం లేకుండా, స్వరం రాయకుండా, రికార్డు చేసిన శబ్దాన్నే ముడిసరుకు చేసుకుని సంగీతం కట్టొచ్చు అన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. ఆ తర్వాత జర్మనీలోని కొలోన్ రేడియో స్టూడియోలో ఇంకో దారి పట్టారు, శబ్దాన్ని బయట నుంచి తేవడం కాకుండా సైన్ వేవ్‌ల (ఒక్క ఫ్రీక్వెన్సీ మాత్రమే ఉన్న శబ్దాల) నుంచి మొత్తం తామే తయారు చేయడం.

యూరప్‌లో రేడియో స్టేషన్లు చేసిన పనిని అమెరికాలో యూనివర్సిటీలు ఎత్తుకున్నాయి. కొలంబియా, ప్రిన్స్‌టన్ కలిసి 1950ల చివర్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో న్యూయార్క్‌లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ సెంటర్ పెట్టాయి, 1958లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో లెజారెన్ హిల్లర్ అనే కంపోజర్ స్టూడియో మొదలుపెట్టాడు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో ఒక వేవ్‌తో ఇంకో వేవ్ ఫ్రీక్వెన్సీని వేగంగా ఊపి చూస్తే కొత్త కొత్త టింబర్లు (శబ్దపు రంగులు) పుట్టాయి, అదే ఎఫ్ఎం సింథసిస్, యమహా దాన్ని లైసెన్స్ తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డ్‌గా అమ్మింది. ఓ యూనివర్సిటీ కంపోజర్ చేసిన ప్రయోగం ప్రపంచం మొత్తం పాప్ పాటల్లోకి వెళ్లిపోయింది. నెదర్లాండ్స్‌లో సోనాలజీ అని 1960లో ఉట్రెక్ట్ యూనివర్సిటీలో పుట్టి 1986లో హేగ్ రాయల్ కన్జర్వేటరీకి మారిన ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇవాళ్టికీ ఈ రంగంలో పెద్ద పేరు.

మన దేశానికి ఇది కొత్తేం కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ కంపోజర్ డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టాడు, మనవాళ్లు దాని మీద పీస్‌లు చేశారు, కొన్నేళ్లకే ఆగిపోయింది, ఆ టేపులు మళ్లీ బయటికొచ్చి జనం వినడానికి దశాబ్దాలు పట్టింది. అది ఆగకుండా ఉంటే ఈపాటికి మన దగ్గర ప్రతి పెద్ద యూనివర్సిటీలో ఒక స్టూడియో ఉండేదేమో అని నాకు నిజంగా బాధేస్తుంది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో యూనివర్సిటీ మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ అంటే దాదాపు కర్ణాటక సంగీతమే, గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం. చెన్నైలో 2008లో ఏఆర్ రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ కొంత దగ్గర. మిగతాది మనం సొంతంగా నేర్చుకుని వెళ్లాల్సిందే, అదేం అసాధ్యం కాదు.

చెవికి పని చెప్పండి

సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు ఓ రెండు వారాలు రోజూ పావుగంట ఊరికే వినండి. బాల్కనీలోనో డాబా మీదనో కూర్చుని ఫోన్ పక్కన పెట్టేసి నోట్‌బుక్‌లో రాయండి. షరతు ఒకటి, ఆ శబ్దం దేనిదో రాయకూడదు. ‘ఆటో వెళ్లింది’ అని కాదు, ‘గరుకుగా మొదలై, దగ్గరయ్యేకొద్దీ మందమై, దాటగానే కాస్త శ్రుతి తగ్గి పల్చబడింది’ అని రాయాలి. షేఫర్ దీన్నే రెడ్యూస్డ్ లిజనింగ్ అన్నాడు, శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో పక్కన పెట్టి అది ఎలా ఉందో మాత్రమే వినడం. మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, బుర్ర ఊరుకోదు, వెంటనే పేరు పెట్టేస్తుంది. ప్రతి శబ్దానికీ మూడు అడగండి: ఎలా మొదలైంది, మధ్యలో ఎలా నిలబడింది, ఎలా అయిపోయింది. ఆ తర్వాత శ్రుతి దొరుకుతోందా, నునుపా గరుకా, ఒకటే ధారా లేక చిన్న చిన్న గింజల గుంపా అని చూడండి.

మనకి దీనికి మంచి సామగ్రి ఉంది. గలగల, జలజల, బుడబుడ, ఖంగు, కిర్రు, చిటపట, సర్రు, రివ్వు, ఇవన్నీ శబ్దం ఆకారాన్ని పట్టుకున్న మాటలే. బుడబుడ అంటే గింజలున్న శబ్దం, సర్రు అంటే గింజల్లేని ధార, ఖంగు అంటే గట్టి మొదలు, పొడుగు తోక. నోట్‌బుక్‌లో ఇవే వాడండి, తర్వాత ఫైళ్లకి పేర్లు పెట్టేటప్పుడు కూడా ఇవే పెట్టండి, మూడు నెలల తర్వాత ఫోల్డర్ తెరిచినా ఏ ఫైల్ ఎలా వినబడుతుందో పేరు చూడగానే తెలుస్తుంది.

ఏమేం కావాలి

తక్కువే కావాలి. చేతిలో పట్టే రికార్డర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్‌లోనే వేవ్ (.wav) ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ పెట్టుకోండి, ఎంపీ3 మాత్రం వద్దు. కూర్చడానికి రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత మామూలు వాడకం లైసెన్స్ 60 డాలర్లు. శబ్దం లోపల ఏముందో బొమ్మగా చూడ్డానికి సోనిక్ విజువలైజర్ ఫ్రీ. లైవ్‌గా ఏదన్నా చేయాలంటే ప్యూర్ డేటా అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అది రాసిన మిల్లర్ పకెట్టే అంతకుముందు పారిస్‌లో ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో అలాంటిదే మాక్స్ కూడా రాశాడు, కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే. మంచి హెడ్‌ఫోన్స్ మీద మాత్రం డబ్బు పెట్టండి. ప్లగిన్ల మీద ఇప్పుడే పెట్టకండి.

బిందె రికార్డింగ్

నాకు బిందె ఎందుకు ఇష్టమంటే అందులో రెండు ఎదురు ప్రయాణాలు ఉన్నాయి. కుళాయి కింద బిందె నిండుతున్నప్పుడు వినండి, శబ్దం మెల్లగా పైకి పోతుంది, నిండబోతోందని వంటింట్లో ఉన్న అమ్మకి చూడకుండానే తెలిసేది అందుకే. లోపల గాలి ఉన్న చోటు తగ్గేకొద్దీ అది మోగే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఒకవైపు మూసిన గొట్టం లెక్క తీసుకుంటే 30 సెంటీమీటర్ల గాలి స్తంభం దాదాపు 285 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అదే 10 సెంటీమీటర్లకి వచ్చేసరికి 855 చిల్లర. బిందెకి మెడ సన్నంగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క అచ్చంగా కుదరదు, కానీ పోయే దిక్కు మాత్రం పైకే. ఇప్పుడు అదే బిందెని బయట నుంచి వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఖంగుమంటుంది, నీళ్లు పెరిగేకొద్దీ శ్రుతి కిందికి దిగుతుంది, ఎందుకంటే ఊగాల్సిన గోడకి నీళ్ల బరువు తోడైంది, జలతరంగంలో నీళ్లు పోసి గిన్నె శ్రుతి తగ్గించేది ఇదే సూత్రం మీద. అంటే ఒకే వస్తువు, ఒకే నీళ్లు, ధార శబ్దం పైకెక్కుతుంటే దెబ్బ శబ్దం కిందికి దిగుతోంది. మీ పీస్‌కి కథ ఇక్కడే దొరికేసింది, బయట ఎక్కడా వెతకక్కర్లేదు.

రికార్డింగ్‌కి తెల్లవారుజామున లేవండి, ట్రాఫిక్ ఉండదు, పక్కింటి మిక్సీ ఉండదు. ఫ్యాన్, ఫ్రిజ్, ఇన్వర్టర్ అన్నీ ఆపండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ రొద 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది, తర్వాత తీయబోతే బిందె శబ్దం కూడా కొంత పోతుంది. బాత్రూమ్ టైల్స్ మధ్య రికార్డు చేయకండి, ఆ గోడల ప్రతిధ్వని ప్రతి ఫైల్‌కీ అతుక్కుపోతుంది. పెరట్లో కుళాయి ఉంటే శ్రేష్ఠం, లేదంటే గదిలో పరుపులు, దుప్పట్లు చుట్టూ నిలబెట్టి చెంబుతో నీళ్లు పొయ్యండి.

రికార్డర్‌లో 24 బిట్ పెట్టండి, శాంపుల్ రేట్ (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 96 కిలోహెర్ట్జ్ ఉంటే అది. 96 ఎందుకంటే మనం తర్వాత ఈ శబ్దాల్ని బాగా నెమ్మది చేస్తాం. 48లో రికార్డు చేసినదాంట్లో అందులో సగం, 24 వేల హెర్ట్జ్ దాకానే ఉంటుంది, నాలుగో వంతు స్పీడ్‌కి తగ్గిస్తే ఆ పైఅంచు 6 వేలకి పడిపోతుంది, శబ్దం దుప్పటి కప్పినట్టు మొద్దుబారిపోతుంది. 96లో అయితే, మైక్ అంత పైదాకా పట్టగలిగితే, 12 వేల దాకా మిగులుతుంది. లెవెల్ మీటర్‌లో పెద్ద దెబ్బలు కూడా మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా పెట్టుకోండి, 24 బిట్‌లో తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు, పగిలిన శబ్దాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ఒకటే దూరం నుంచి కాదు, మూడు దూరాల నుంచి తీసుకోండి: ఒక జానెడు, ఒక బారెడు, గది అవతలి మూల. దగ్గర నుంచి తీస్తే నీటి బొట్ల గింజలు విడివిడిగా వినిపిస్తాయ్, దూరం నుంచి తీస్తే గది వినిపిస్తుంది. సన్నధారతో నింపండి, పూర్తిగా తిప్పి నింపండి, చెయ్యి అడ్డం పెట్టి నింపండి. గోరుతో, వేలి కణుపుతో, చెక్క గరిటతో, గుడ్డ చుట్టిన గరిటతో కొట్టండి, అంచు దగ్గర ఒకటి, పొట్ట దగ్గర ఒకటి. కొట్టి వెంటనే నీళ్లు అటూ ఇటూ ఊపండి, శ్రుతి వణుకుతుంది, దాదాపు గమకంలా, ఆ ఒక్క శబ్దం కోసమే పొద్దున్నే లేవొచ్చు. ప్రతి దెబ్బ తర్వాత తోక పూర్తిగా చచ్చేదాకా కదలకండి, ఊపిరి కూడా బిగబట్టండి. ఆఖర్న ఏమీ చేయకుండా ఒక నిమిషం ఖాళీ గది నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకోండి, అతుకుల దగ్గర అవసరం పడుతుంది.

కొయ్యడం, పేర్లు పెట్టడం

ఇది విసుగు పని, కానీ యూనివర్సిటీ స్టూడియోల్లో మొదటి సెమిస్టర్‌లో సగం ఇదే. ఒక్కో శబ్దాన్ని విడిగా కోసి, మొదట్లో చివర్లో 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇచ్చి (లేకపోతే టిక్కుమంటుంది) సేవ్ చెయ్యండి. పేరులో వస్తువు, చేసిన పని, దూరం, తీరు ఉండాలి: బిందె_దెబ్బ_జానెడు_ఖంగు_03 లాగ. ఒరిజినల్ ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో, ఇంకో డిస్క్‌లో కాపీ, వాటి మీద ఎప్పుడూ ఎడిట్ చెయ్యొద్దు. వందల్లో ఫైళ్లు వస్తాయ్, అన్నీ విని మీకు నిజంగా నచ్చిన ఓ 20 మాత్రం పక్కకి తీయండి. పీస్ ఆ 20 నుంచే రావాలి.

మార్చడం

అసలు సరదా ఇక్కడ. ఒకేసారి పది ఎఫెక్టులు వేసెయ్యకండి, ఒక్కో ఫైల్ మీద ఒక్కో పని చేసి, ఫలితం సేవ్ చేసి, విని, తర్వాత ముందుకెళ్లండి.

మొట్టమొదటి ప్రయోగం షేఫర్ చేసిందే చెయ్యండి. ఆయన గంట శబ్దంలో మొదటి దెబ్బని కోసేసి మిగతాది వాయిస్తే అది గంటలా వినపడలేదు, ఏదో ఊదే వాయిద్యంలా అయ్యింది. బిందె ఖంగు తీసుకుని మొదటి 50 మిల్లీసెకన్లు కోసెయ్యండి, మెల్లగా ఫేడ్ ఇన్ ఇవ్వండి. ఇత్తడి మాయమై ఒక పొడుగు స్వరం మిగులుతుంది. మనం వస్తువుని గుర్తుపట్టేది ఎక్కువగా ఆ మొదటి క్షణంలోనే, దాన్ని తీసేస్తే గుర్తింపు పోతుంది, మళ్లీ పెడితే గుర్తింపు తిరిగొస్తుంది. వినేవాళ్లకి బిందె అని ఎప్పుడు తెలియనివ్వాలి, ఎప్పుడు దాచాలి అన్న కళ్లెం ఇప్పుడు మీ చేతిలో ఉంది.

తర్వాత స్పీడ్. సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది, 10 సెకన్లది 20 సెకన్లవుతుంది. నాలుగో వంతు చేస్తే రెండు స్థాయిలు. బిందె దెబ్బ అలా దింపితే పెద్ద గుడి గంటలాగా ఉంటుంది, అది చాలా తేలిగ్గా వచ్చే అందం, అందరూ అక్కడే ఆగిపోతారు, మీరు ఆగకండి. తోకలో ఒక్కో ఓవర్‌టోన్ (అసలు శ్రుతితో పాటు పైన మోగే ఫ్రీక్వెన్సీ) ఒక్కో టైమ్‌కి చచ్చిపోతూ ఉంటుంది, సోనిక్ విజువలైజర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ టైమ్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపించే బొమ్మ) వేసి చూస్తే సమాంతర గీతలుగా కనిపిస్తాయ్, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. విండో సైజ్ (ఒక్కో చూపులో తీసుకునే శాంపుల్స్ లెక్క) 2048 పెడితే 48 కిలోహెర్ట్జ్ ఫైల్‌కి ఒక్కో చూపు 43 మిల్లీసెకన్లు, గీతల మధ్య తేడా 23 హెర్ట్జ్ దాకా తెలుస్తుంది. 8192 పెడితే గీతలు ఇంకా సన్నగా విడిపోతాయ్ కానీ దెబ్బ పడిన క్షణం అలుక్కుపోతుంది. రెండూ ఒకేసారి దొరకవు, శ్రుతి చూడాలంటే పెద్ద విండో, దెబ్బ చూడాలంటే చిన్న విండో. అలా కనిపించిన నాలుగైదు గీతల ఫ్రీక్వెన్సీలు రాసుకోండి. ఇదే మీ పీస్‌కి స్కేలు, ఏ రాగమూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. వాటిని సన్నటి బ్యాండ్‌పాస్ ఫిల్టర్లుగా (ఆ ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలదే పోనిచ్చేవి) పెట్టి నీళ్ల ధారని వాటి గుండా పంపితే ధార నెమ్మదిగా బిందె శ్రుతిలో పాడటం మొదలుపెడుతుంది, నాకు ఈ మొత్తం పద్ధతిలో బాగా ఇష్టమైన చోటు ఇదే.

ఆ తర్వాత గ్రాన్యులేషన్, శబ్దాన్ని చిన్న గింజలుగా కోసి వెదజల్లడం. గింజ 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే చిటపటలా ఉంటుంది, శ్రుతి దొరకదు, 50 నుంచి 100 మధ్య అయితే శ్రుతి కూడా వినపడుతుంది. ఒక్క బుడగ పగిలిన శబ్దం నుంచి ఒక వాన తయారు చేయొచ్చు. చివరగా కన్వల్యూషన్, ఒక శబ్దం గుణాన్ని ఇంకో శబ్దానికి అద్దడం: ఒక చిన్న ఖాళీ బిందె దెబ్బని రివర్బ్ ప్లగిన్‌లో ఇంపల్స్‌గా పెట్టి ఇంకో శబ్దాన్ని, మీ గొంతైనా సరే, దాని గుండా పంపండి. గొంతు బిందె లోపల నుంచి వచ్చినట్టుంటుంది.

పేపర్ మీద గీసుకోండి

ఇప్పుడు ల్యాప్‌టాప్ మూసెయ్యండి. ఒక పొడుగు కాయితం మీద అడ్డంగా టైమ్ గీత గీయండి, 4 నిమిషాల 30 సెకన్లు అనుకుందాం. దాని మీద రెండు గీతలు, ఒకటి కింద నుంచి పైకి, ధార. ఇంకోటి పైనుంచి కిందికి, దెబ్బ. రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి కదా, అక్కడ రెండింటి శ్రుతీ ఒకటే అవుతుంది. ఆ కలిసే చోటు ఎక్కడ పెడతారన్నదే మీ కంపోజిషన్. సరిగ్గా మధ్యలో పెడితే మరీ లెక్కగా ఉంటుంది. 3 నిమిషాల దగ్గర పెడితే ముందు భాగం అంతా వేచి ఉండటమే, ఆ తర్వాత విడిపోవడం తొందరగా జరగాలి. కలిసిన చోట ఏం చేస్తారు? చాలామంది అక్కడ అన్ని ట్రాక్‌లూ పెంచి బద్దలు కొడతారు, నేనైతే అక్కడ అన్నీ తీసేసి ఒక్క శబ్దం, మార్చనిది, జానెడు దూరం నుంచి తీసిందే ఉంచుతాను. అప్పటిదాకా దాచిన బిందె అక్కడ బయటపడాలి.

ఇంకా రెండు విషయాలు గీయండి: ఎక్కడ గుంపుగా ఉంటుంది ఎక్కడ పల్చగా ఉంటుంది, ఎక్కడ దగ్గరగా ఉంటుంది ఎక్కడ దూరంగా ఉంటుంది. పూర్తి నిశ్శబ్దం ఒక్కచోటైనా గుర్తుపెట్టండి, కనీసం రెండు సెకన్లు.

కూర్చడం, మిక్స్

రీపర్‌లో ట్రాక్‌లు శబ్దం తీరుని బట్టి పెట్టుకోండి, దెబ్బలు, ధారలు, గింజలు, తోకలు అని. గ్రిడ్ ఆఫ్ చెయ్యండి, టెంపో మర్చిపోండి, ప్రతి శబ్దాన్నీ చెవితో విని జరపండి. ఒక శబ్దం ఇంకోదాన్ని పుట్టించినట్టు ఉండాలి: దెబ్బ పడింది, దాని తోకలోంచి ధార మొదలైంది, ధార గింజలుగా విడిపోయింది, గింజలన్నీ ఒక దెబ్బలోకి పరిగెత్తాయ్. ఇలాంటి గొలుసు ఒక నిమిషం పాటు తెగకుండా కట్టగలిగితే ఆ నిమిషం చూసే మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలుస్తారు.

లూప్ పెట్టి లేయర్లు పేర్చే అలవాటు ఇక్కడ బాగా అడ్డం వస్తుంది. ఒకే ఫైల్ రెండుసార్లు వాడితే రెండోసారి ఏదో ఒకటి మారాలి, దూరమో, శ్రుతో, పొడుగో. రివర్బ్ అన్నిటి మీదా ఒకటే పొయ్యకండి, మూడు దూరాల నుంచి రికార్డు చేసుకున్నది ఇందుకే, నిజమైన దూరం ముందు కృత్రిమ రివర్బ్ నిలబడదు. స్పీకర్లలో ఎడమ నుంచి కుడికి ఊరికే తిప్పడం కూడా వద్దు, కదలికకి ఒక కారణం వినపడాలి. 30 హెర్ట్జ్ కింద ఉన్నది కోసెయ్యండి. లిమిటర్ పెట్టి లౌడ్‌గా చెయ్యకండి, ఈ సంగీతంలో మెల్లగా ఉన్నదానికీ గట్టిగా ఉన్నదానికీ మధ్య తేడానే ప్రాణం, పీక్ మైనస్ 1 డీబీ దాటకుండా చూసుకుంటే చాలు. ఎక్స్‌పోర్ట్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్.

మల్టీ ఛానల్ (రెండుకంటే ఎక్కువ స్పీకర్లకి చేసే పీస్) గురించి అడుగుతారు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాంటీ హారిసన్ అనే కంపోజర్ 1982లో మొదలుపెట్టిన బీస్ట్ అనే సిస్టమ్‌లో వంద దాకా స్పీకర్లు ఉంటాయ్, స్టీరియో పీస్‌నే మిక్సర్ ఫేడర్లతో హాల్ అంతా లైవ్‌గా పరుస్తారు. అంటే స్టీరియో పంపితే తక్కువగా చూస్తారన్న భయం అక్కర్లేదు. ఆసక్తి ఉంటే ఆస్ట్రియాలో గ్రాజ్‌లోని ఐఈఎం ఇన్‌స్టిట్యూట్ ఫ్రీగా ఇచ్చే ఆంబిసోనిక్ ప్లగిన్లతో హెడ్‌ఫోన్స్‌లోనే చుట్టూ శబ్దం పెట్టి నేర్చుకోండి.

రెండో పీస్ మనిషితో చెయ్యండి

పోర్ట్‌ఫోలియో అంతా ఫైళ్లే ఉంటే చాలదు, ఒక పీస్ వాయిద్యకారుడితో, లైవ్ ఎలక్ట్రానిక్స్‌తో ఉండాలి. మనకి ఇంటి పక్కనే మృదంగం నేర్చుకునేవాళ్లు దొరుకుతారు. చర్మ వాయిద్యాలకి మామూలుగా స్పష్టమైన శ్రుతి ఉండదు, కానీ మృదంగం కుడివైపు నల్లటి పూత వల్ల ఓవర్‌టోన్లు దాదాపు వీణ తీగకి ఉన్నట్టు వరసలో వస్తాయని చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సీవీ రామనే 1920లో నేచర్ పత్రికలో చూపించారు. కాబట్టి ప్యూర్ డేటాలో సిగ్మండ్ అనే శ్రుతి పట్టే ఆబ్జెక్ట్ ఆ దెబ్బని పట్టుకోగలదు, పట్టుకున్న శ్రుతికి ఒక సైన్ వేవ్ కలిపి మెల్లగా జార్చండి. ఎడమ వైపు రవ్వ ముద్ద ఆరేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, కచేరీలో ఇది ఇబ్బంది, మీ పీస్‌లో ఇదే విషయం కావచ్చు. డప్పు అయితే మంట దగ్గర కాచకముందు, కాచిన తర్వాత రెండు వేరే వాయిద్యాలే. ప్యూర్ డేటాలో ఆ ప్యాచ్ (అందులో మీరు కట్టుకునే ప్రోగ్రామ్) మామూలుగా ఒక మైక్, ఒక ఐదు సెకన్ల డిలే, ఒక ఫిల్టర్‌తో మొదలుపెట్టండి, ఎక్కువ పెట్టిన కొద్దీ స్టేజి మీద ఎక్కువ పాడవుతాయ్. వాయించేవాళ్లకి స్కోరు స్టాఫ్ నొటేషన్‌లోనే ఉండాలని లేదు, సొల్లుకట్టు (నోటితో పలికే మృదంగం జతులు) రాసి పైన టైమ్, పక్కన గీసిన బొమ్మ పెట్టినా సరే, కానీ ఇంకొకరు చూసి వాయించగలిగేలా ఉండాలి.

ఒక్కటి గట్టిగా చెప్తాను. భారతీయత కనపడాలని తంబురా శ్రుతి కింద వేసి పైన నాలుగు స్వరాలు అతికించకండి. తంబురా వాడాలంటే బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే నూలు పోగుని కొంచెం కొంచెం జరిపి తీగలో ఏ ఓవర్‌టోన్ ఎప్పుడు లేస్తోందో రికార్డు చెయ్యండి, అప్పుడు అది మీరు కనిపెట్టిన విషయం అవుతుంది.

నోట్, అప్లికేషన్

ప్రతి పీస్‌కీ 150 మాటల లోపు నోట్ రాయండి. ఏ శబ్దం, ఎలా తీశారు, ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, అంతే. ‘ప్రకృతికీ టెక్నాలజీకీ మధ్య సంవాదం’ లాంటి వాక్యాలు వద్దు, ప్రతి అప్లికేషన్‌లోనూ అవే ఉంటాయ్. ధార ఎక్కుతుంటే దెబ్బ దిగుతుంది అన్న ఒక్క మాట చాలు.

చాలాచోట్ల మూడు నాలుగు పీస్‌లు అడుగుతారు, ఉన్నవాటిల్లో బాగున్నది మొదట పెట్టండి, ఎందుకంటే మొదటి నిమిషం విని ముందుకెళ్లేవాళ్లే ఎక్కువ. సినిమా పాట శాంపుల్ ఏ పీస్‌లోనూ ఉండకూడదు. అమెరికాలో గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిలో పడతాయ్, డాక్టరేట్‌కి చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయ్, మాస్టర్స్‌కి అంతగా ఉండదు, కాబట్టి లోన్ తీసుకునే ముందు ఆ లెక్క ఇంట్లోవాళ్లతో కూర్చుని చూసుకోండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు దాదాపు ఉండదు, కానీ బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి బయటి దేశాలవాళ్లకి సెమిస్టర్‌కి 1500 యూరోలు, పైగా మ్యూజిక్ కాలేజీలకి ప్రవేశ పరీక్ష ఉంటుంది. హేగ్ సోనాలజీలో ఒక్క ఏడాది కోర్సు కూడా ఉంది, ముందు రుచి చూద్దాం అనుకునేవాళ్లకి బాగుంటుంది. మ్యూజిక్ డిగ్రీ లేని బీటెక్ వాళ్లు స్టాన్‌ఫర్డ్‌లో మ్యూజిక్, సైన్స్, టెక్నాలజీ అనే మాస్టర్స్ లాంటివి చూడండి, కోడింగ్, సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లకి అక్కడ విలువ ఉంటుంది. యూనివర్సిటీ పేరు చూసి కాదు, అక్కడ నేర్పే కంపోజర్ల పీస్‌లు కనీసం రెండు మూడు విని, మీకు నచ్చితేనే అప్లికేషన్ పెట్టండి.

ఇంటర్వ్యూ సాధారణంగా వీడియో కాల్‌లో ఉంటుంది. తప్పకుండా అడిగే ప్రశ్న, 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఆ శబ్దం ఎందుకు అక్కడుంది, ఇంకోచోట ఎందుకు లేదు. దానికి జవాబు మాటల్లో చెప్పడం కంటే ప్రాజెక్ట్ ఫైల్ తెరిచి, ఆ ఒక్క ట్రాక్ సోలో చేసి, మార్చకముందు ఫైల్, మార్చిన తర్వాత ఫైల్ పక్కపక్కన వినిపించడం మేలు, కాబట్టి ప్రాజెక్ట్ ముందే తెరిచి పెట్టుకోండి, కాయితం మీద గీసిన బొమ్మ ఫోటో కూడా పక్కనే ఉంచండి, కాల్ యాప్‌లో మ్యూజిషియన్ల కోసం ఉండే ఒరిజినల్ సౌండ్, స్టీరియో ఆడియో సెట్టింగ్‌లు రెండూ ఆన్ చెయ్యండి, లేకపోతే ఆ యాప్ బిందె తోకని చెత్త శబ్దం అనుకుని కోసేస్తుంది. ముందురోజు రాత్రి ఒక ఫ్రెండ్‌కి కాల్ చేసి అన్నీ సరిగ్గా వినపడుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.